మాళవ్వ సాళ్లు

ఊ కొట్టేవాళ్లు ఊ కొట్టండి, కొట్టనివాళ్లు గమ్మున వినండి.

కొండలకు ఇంకా పేర్లు పెట్టని కాలం. వాన ముఖం చూసి బతికే ఒక మెట్ట సీమలో మాళవ్వ అనే గొర్రెల కాపరి ఉండేది. మొగుడు పోయాడు. బిడ్డలు పుట్టలేదు. ఉన్నదల్లా ఒక మంద, కొండవాలున ఒక చెక్క భూమి.

ఆ భూమి మొదట్లో వట్టి రాళ్లే. మాళవ్వ పగలంతా మందను మేపి, పొద్దుగూకితే అక్కడే పడుకోబెట్టేది. గొర్రె పెంట పడీ పడీ రాళ్ల మధ్య మన్ను పుట్టింది. పుట్టిన మన్ను నల్లబడింది.

మేపింది, నడిచింది. నడిచింది, మేపింది. చివరికి మోకాళ్లు అరిగిపోయాయి. మంద వెనక నడవలేని కాపరి ఏం కాపరి? కొండల అవతలి బీరప్పకు మందను అమ్మేసింది. ఒక్కొక్క గొర్రె నుదురూ నిమిరి, "వీటిని కర్రతో తోలొద్దు నాయనా. పిలువు, వస్తాయి" అని అప్పగించింది.

ఇక భూమిని కౌలుకియ్యాలి.

మొదట ఊరి పెత్తందారు వచ్చాడు. "నాకియ్యి అవ్వా. పంట కాగానే రెండు బండ్ల గింజలు తోలిస్తా."

"దున్నేదెవరు సామీ?"

"నా పాలేర్లు."

"అయితే నీకియ్యను."

తర్వాత అంగడి సెట్టి వచ్చాడు. "మూడు బండ్లు తోలిస్తా."

"దున్నేదెవరు సెట్టీ?"

"నేను పెట్టినోడు."

"అయితే నీకూ ఇయ్యను."

ఆఖరున ఓబులేసు వచ్చాడు. తాతల నాటి నుంచి పెత్తందారు ఇంట వెట్టి చేసే కుటుంబం వాడిది. దూరంగా నిలబడి, తలగుడ్డ చేతిలో నలుపుతూ అన్నాడు. "బండ్లూ గిండ్లూ నా దగ్గర లేవవ్వా."

"దున్నేదెవరు?"

"నేనూ, నా పెండ్లాం తిమ్మక్కా."

"అయితే తీసుకో. నాకు రోజూ ఇంత కొర్రన్నం పెట్టు, అదే కౌలు. విత్తనం పడిన నాటి నుంచి కోత దాకా ఆ చేను నాది కాదు. దున్నినవాడిదే."

ఊరు పగలబడి నవ్వింది. "మాళవ్వా, మోకాళ్లతో పాటు బుద్ధి కూడా అరిగిందా?" అన్నాడు పెత్తందారు.

"నా మోకాళ్లు నడిచి అరిగినాయి సామీ. నీ బుద్ధి కూర్చున్నచోటే అరిగిపోయిందే!"

ఓబులేసు మళ్లీ పెత్తందారు దొడ్డి తొక్కలేదు. తన చేనికి తానే ముళ్లకంప వేసుకున్నాడు. తన గింజ తానే వండుకున్నాడు. తొలి ముద్ద మాళవ్వకు పెట్టి, తర్వాతే పిల్లలకు పెట్టాడు. ఒక ఏడు పండింది. ఇంకో ఏడు పండింది. మూడో ఏడు ఆకాశం తలుపు మూసుకుంది.

చెరువులు నెర్రెలిచ్చాయి. చేలు మాడిపోయాయి. ఊరంతటికీ పచ్చగా ఉన్నది ఓబులేసు కొర్ర చేనొక్కటే. గొర్రె పెంట తిన్న నేల, గుక్కెడు తడిని గుండెల్లో దాచుకుంది. కొర్ర కంకి పాలుపోసుకుంది.

అప్పుడొచ్చింది మంద.

ఎముకల మీద తోలు కప్పినట్టున్న గొర్రెలు. వెనకాల తూలుతూ బీరప్ప. "కొండల అవతల గడ్డిపోచ లేదవ్వా. నేను వీటిని తోలుకు రాలేదు. ఇవే నన్ను తోలుకొచ్చినాయి."

గొర్రెలు కంప దగ్గర ఆగి, పచ్చని చేనును చూసి అరిచాయి. మాళవ్వను చూసి ఇంకా గట్టిగా అరిచాయి.

పెత్తందారు నీడన నిలబడి అన్నాడు. "చూస్తావేం అవ్వా? భూమి నీది. గొర్రెలు నువ్వు పెంచినవి. కంప లాగెయ్!" చేను పోతే ఓబులేసు తిరిగి తన దొడ్డికే వస్తాడని ఆయనకు తెలుసు. ఆకలికీ ఆకలికీ తగువు పెట్టి నీడన నిలబడడం పెత్తనానికి పుట్టుకతో వచ్చిన విద్య.

మాళవ్వ ఆయన గడ్డివామి వైపు చేయి చాపింది. "సామీ, ఒక్క మోపు గడ్డి."

"నా ఎద్దులకే చాలదు."

"సామీ, ఒక్క మోపు."

"వామి విప్పితే వానకు తడుస్తుంది."

ఏ వాన? ఎక్కడి వాన?

"సామీ, ఒక్క..."

ఆయన ఇంట్లోకి పోయి గడియ పెట్టుకున్నాడు.

ఓబులేసు ఏడుస్తూ వచ్చాడు. "సగం చేను మేపుకో అవ్వా. మిగతా సగంతో మేం ఎట్టనో బతుకుతాం." వెనకే తిమ్మక్క వచ్చింది. చంకలో బిడ్డ తల్లి మెడలోని పూసల్ని చప్పరిస్తోంది. మాళవ్వ ఆ బిడ్డనే చూసింది.

"సగం మేసి ఆగే నోళ్లు కావురా అవి" అంది. "చేను నీదని చెప్పినా కదా. కంప ముట్టుకోవద్దు."

అని, కర్ర పట్టుకుని లేచింది. పచ్చని చేనుకు వీపు తిప్పి నిలబడింది. గొంతెత్తి పిలిచింది.

"ఓ... హుర్ర్ర్... రాండి తల్లీ, రాండి!"

గొర్రెలు తలలు తిప్పాయి. చేనును చూశాయి. ఆమెను చూశాయి. చేనును వదిలి ఆమె వెంట నడిచాయి.

"యాడికవ్వా?" అన్నాడు బీరప్ప.

"కొండల్లో ఊట ఉందేమో చూద్దాం రా."

ఊట లేదని ఆమెకు తెలుసు. చేను కనబడే చోట ఉంటే గొర్రెలు చస్తూ కూడా చేనుకేసే అరుస్తాయని, ఆ అరుపు వింటూ ఓబులేసు కంప లాగేస్తాడని కూడా తెలుసు.

తర్వాత బీరప్ప ఒక్కడే తిరిగొచ్చాడు. మూడో గుట్ట దాటాక అవ్వ కూర్చుండిపోయిందట. గొర్రెలు ఆమె చుట్టూ పడుకున్నాయట. ఒక్కటీ మళ్లీ లేవలేదట. ఆమె కూడా లేవలేదు.

ఓబులేసు కొర్ర కోశాడు. పిల్లలు తిన్నారు. కోత అయ్యాక వాన వచ్చింది. సిగ్గులేని వాన, చాలా పెద్ద వాన.

ఆ ఏటి నుంచి ఆ సీమలో కౌలు రైతులు చేను కోసేటప్పుడు కంప పక్కన మూడు సాళ్లు కోయకుండా వదిలేస్తారు. దారిన పోయే మంద ఎవరిదైనా సరే, పిలిచి మేపుతారు. భూమి యజమాని వంతు కొలిచేది ఆ తర్వాతే. అవి మాళవ్వ సాళ్లు. పిసినారి కూడా వాటి మీద కొడవలి వెయ్యడు.

పైరు నిలిచి ఉండగానే ఏ ఆసామైనా "భూమి నాది" అంటూ చేలోకి వస్తే, ఇంటిల్లిపాదీ అడ్డం నిలబడతారు. ముసలివాళ్లూ అంటారు, ముక్కు చీదడం రాని పిల్లలూ అంటారు:

"కన్నబిడ్డల్లాంటి గొర్రెలకే మాళవ్వ కంప తియ్యలేదు. నువ్వెవడివి?"