తురాయిదొర సొంత చెలమ

ఆస్ట్రేలియా నడిమధ్యన అంతా ఎర్రమట్టి నేల. అక్కడి ఎండకి బల్లి కూడా తన నీడ కమిలిపోతుందని దాన్ని చంకలో పెట్టుకుని తిరుగుతుంది. ఓ కాకి ఏటికి ఈ ఒడ్డున ఎగిరి, ఆ ఒడ్డున అప్పడమై దిగింది. నమ్మనివాళ్ళు వెళ్ళి చూసి రావచ్చు. ఆ ఏట్లో నీళ్ళు పారి ఏడేళ్ళయింది. ఉన్నదల్లా ఇసకలో తవ్విన ఒకే ఒక్క చెలమ. చుట్టూ నూరామడల్లో మరో చుక్క లేదు.

ఆ చెలమ తవ్వింది వాంబాట్ అవ్వ. ఎలుగుబంటి పిల్లని పందికొక్కు పెంచుకుంటే ఎలా ఉంటుందో వాంబాట్ అలా ఉంటుంది. పొట్టి కాళ్ళు, బండ నడుము, పారల్లాంటి గోళ్ళు. ఆవిడ నాలుగుసార్లు గీకిందంటే పాతాళంలో వాళ్ళు తలుపులు వేసుకుంటారు.

జంతువులు నీళ్ళకి వంగినప్పుడు డింగో కుక్కలు వచ్చి మీదపడతాయి కదా. చెట్టెక్కి కనిపెట్టి అరవడానికి కకటూలని ఎన్నుకున్నారు. కకటూ అంటే తెల్ల చిలుక. వాళ్ళ పెద్ద పేరు తురాయిదొర. నెత్తిమీద పసుప్పచ్చ కుచ్చు విప్పాడంటే పెళ్ళిగుర్రం సిగ్గుతో చావాలి. ఎన్నికల్లో "మీ దాహమే నా దాహం" అన్నాడు. అన్నమాట నిలబెట్టుకున్నాడు, అందరి దాహమూ తనే తీర్చుకున్నాడు.

మొదట్లో కాపలాకి జీతం రోజుకి రెండు గుక్కలు. తర్వాత అరిచినందుకు గొంతు భత్యం, అరవకుండా కూర్చున్నందుకు ఓపిక భత్యం, ఈ కొమ్మ మీంచి ఆ కొమ్మ మీదికి మారితే ప్రయాణ భత్యం. ఒక్క పూట కాపలా కాసి దిగిపోయినా చచ్చేదాకా పింఛను. ఏడేళ్ళు తిరిగేసరికి పనిచేసే కకటూలు ఏడుగురు, పింఛను కకటూలు ఏడువేల మంది. వాళ్ళంతా ముందు తాగాలి. మిగిలితే మిగతావాళ్ళకి.

వరసలో అందరికన్నా చివర వచ్చేది కంగారూ గంతులమ్మ. పొట్టసంచిలో చంటిపిల్ల ఉంది, పరిగెత్తలేదు. ఆమె వంతు వచ్చేసరికి చెలమలో తడి బురద తప్ప ఏమీ ఉండేది కాదు.

ఓ పొద్దున అవ్వ దగ్గరికి వచ్చి నిలబడింది. కళ్ళు గుంటలు పడిపోయాయి.

"అవ్వా, పాలు ఎండిపోయాయే. నిన్నంతా పిల్ల ఉత్తినే చప్పరించింది. ఏడవడానికి కూడా ఓపిక లేదు దానికి. ఈ రెండు రోజుల్లో నాలుగు గుక్కలు నా గొంతులో పడకపోతే ఇది దక్కదు."

అవ్వ సంచిలోకి తొంగి చూసింది. సరిగ్గా అప్పుడే చెట్టుమీంచి తురాయిదొర కుచ్చు విప్పాడు.

"ప్రజలారా! రెండు శుభవార్తలు. కాపలాదారులకి ఇవాళ్టి నుంచి రెండో విడత తాగే హక్కు వచ్చింది. పనిచేసేవాళ్ళకి విశ్రాంతి వయసు ఇంకో రెండు వానలు పెరిగింది."

"ఇందులో శుభం ఎవరికి నాయనా?" అంది అవ్వ. "మా వయసుల్ని వానలతో లెక్కపెడతారు. ఏడేళ్ళుగా వానే లేదు. ఇక నాకు ముసలితనం ఎప్పుడొస్తుంది?"

"అంటే నువ్వింకా పడుచుదానివే. సంతోషించు!"

గోరుచుట్టు మీద రోకటిపోటు. ఈమూ మామకి ఒళ్ళు మండింది. ఆయన మనిషంత పక్షి, తాటిచెట్టంత కోపం.

"మొన్న డింగో వచ్చి నా తోక పీక్కుపోయిందే, అప్పుడు నీ అరుపు ఏ గంగలో కలిసింది?"

"దానిమీద విచారణ సంఘం వేశాం."

"ఏం తేల్చింది?"

"ఇంకా తేల్చలేదు. ఎందుకు తేల్చలేదో తేల్చడానికి ఇంకో సంఘం వేశాం. ఈలోగా నువ్వు ఉన్న ఈకలతో సర్దుకో."

"మీ జీతాలు పెంచడానికి మాత్రం ఏ సంఘమూ అక్కర్లేదా?"

"అయ్యయ్యో, అపచారం! మేం ఒక్క గుక్క కూడా పెంచుకోలేదు. స్వతంత్ర సంఘం పెంచింది. వద్దు వద్దంటుంటే నోట్లో పోశారు."

ఆ స్వతంత్ర సంఘం అంటే మూడు గుడ్లగూబలు. ఉండేది తురాయిదొర కొమ్మ కిందనే, తాగేది తురాయిదొర మిగిల్చిందే. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఒకటే.

ఈమూ మామ చెట్టుని తన్నబోయాడు. అవ్వ ఆపింది. నోట్లో బెల్లం ముక్క పెట్టుకున్నట్టు గొంతు మార్చింది.

"దొరా, నాకో బాధ ఉంది. మీలాంటి పెద్దలు మేం మూతులు పెట్టిన నీళ్ళు తాగడమేమిటి? ఆ బొచ్చు, ఆ చొంగ, రామ రామ! మీ ఏడువేల మందికీ విడిగా ఓ చెలమ తవ్విపెడతాను. పింఛనంతా అదే. మీకూ, మీ పిల్లలకీ, పిల్లల పిల్లలకీ."

తురాయిదొర కుచ్చు దానంతటదే లేచింది. "ఎంత పెద్దది?"

"ఏనుగు మునిగేంత."

ఏనుగంటే ఏమిటో అక్కడ ఎవరికీ తెలియదు. అయినా దొర ఉబ్బిపోయాడు.

"ఒక్క షరతు. మా చెలమలో మీ వాళ్ళెవరూ కాలు పెట్టకూడదు, గోరు ముంచకూడదు, ఇసక రేణువు కదపకూడదు."

"ముమ్మాటికీ. మరి మీరు కూడా మా చెలమ జోలికి రాకూడదు కదా?"

"మీ ఎంగిలి మాకెందుకే ముసలీ!"

గుడ్లగూబలు ఎన్నడూ లేనిది పట్టపగలు కళ్ళు తెరిచి తీర్మానం చేశాయి. పెద్ద ఆకుమీద రాశాయి, దానిమీద తురాయిదొర ముక్కుతో ముద్ర కొట్టాడు. గంతులమ్మ అవ్వకి అడ్డం వచ్చింది.

"అవ్వా, ఇదేం పని? ఉన్న తడంతా వాళ్ళకే పోస్తావా?"

"తవ్వుతున్నా, అడ్డుపడకు," అంది అవ్వ.

అదే ఏట్లో, ఇంకో పక్కన, అవ్వ తవ్వింది. లేచిన ఇసకకి సూర్యుడు కళ్ళు నులుముకున్నాడు. మధ్యాహ్నానికి కొత్త చెలమలో నీళ్ళు అద్దంలా నిలిచాయి. ఏడువేల కకటూలు వాలి, తాగి, మునిగి, పాటలు పాడి, చెట్టెక్కి నిద్రపోయారు.

ఇక్కడ పాత చెలమలో, ఏడేళ్ళలో మొదటిసారి, చివరిదాకా నీళ్ళు మిగిలాయి. గంతులమ్మ ముందు కాళ్ళమీద కూలబడి తాగింది. అలా తాగుతూనే ఉంది. సంచిలోంచి చప్పరింత వినిపించేసరికి సగం మంది మొహాలు పక్కకి తిప్పుకున్నారు.

ఏటి ఇసకలో చెలమని రోజూ అడుగు తోడాలి, గట్టు సర్దాలి. పాత చెలమని జంతువులన్నీ పొద్దున్నే ఆ పని చేసి మరీ నిలబెడుతున్నాయి. కొత్తదాన్ని ఎవరూ తాకలేదు. మర్నాటికి గట్లు జారాయి. మూడోనాటికి ఏనుగు మునిగే చెలమలో చీమ కాలు కూడా తడవలేదు.

"ఏమే వాంబాట్! మా చెలమ చెడిపోయింది. వచ్చి బాగుచెయ్!" అని అరిచాడు తురాయిదొర.

"ఇసక రేణువు కదపకూడదని మీ ముద్రే కదా దొరా."

"అయితే ఆ తీర్మానం మారుస్తాం!"

"మార్చండి. సంఘాన్ని పిలవండి."

సంఘానికి నోరు పిడచగట్టుకుపోయింది. గుడ్లగూబలు కళ్ళు మాత్రం తిప్పాయి.

"పోనీ, ఈపూటకి మీ చెలమలో తాగుతాం."

"మా ఎంగిలా?" అన్నాడు ఈమూ మామ. "దానిమీద సంఘం వేస్తాం. ఈలోగా ఉన్న ఉమ్మితో సర్దుకోండి."

ఏడేళ్ళుగా దాచుకున్న నవ్వంతా ఏట్లో వరదై పారింది. ఎవరు తవ్విన గోతిలో వారు పడతారంటారు. వీళ్ళు తవ్వకపోవడంవల్ల పడ్డారు.

తురాయిదొర ఇసకలోకి దిగాడు. ముక్కుతో పొడిచాడు, కాళ్ళతో గీకాడు. పుట్టి ఒక్కనాడూ ఆ పని చెయ్యలేదు, తీసిన ఇసక తీసినట్టే మీద పడింది. కుచ్చు వేలాడిపోయింది. అప్పుడు గంతులమ్మ గంతు వేసి గట్టు దగ్గరికి వచ్చింది.

"అవ్వా, రానియ్యవే. ఎండలో కొమ్మమీద కూర్చోవడమూ కష్టమే. దాహమంటే ఏమిటో నాకు తెలుసు, ఇప్పుడు వాళ్ళకీ తెలిసింది."

అవ్వ తురాయిదొర వైపు చూసింది. "విన్నావా? ఆ తల్లి దయ. కాపలా కాసిన పూట రెండు గుక్కలు, వరసలో నిలబడి. కాయని పూట, పొద్దున్నే వచ్చి మాతోపాటు ఇసక తోడాలి. పింఛను కకటూలక్కూడా ఇదే. డింగోని చూసి అరవనివాడు ఆ సాయంత్రమే దిగి, ఎందుకు అరవలేదో ఈమూ మామ ఎదుట చెప్పాలి."

"సాయంత్రమేనా? సంఘం..."

"సాయంత్రమే."

తురాయిదొర ఆ తీర్మానం ఆకుని తనే ముక్కుతో నమిలి ఉమ్మేసి, ఇసక కొట్టుకుపోయిన కుచ్చుతో వెళ్ళి వరస చివర నిలబడ్డాడు. ముందున్న గంతులమ్మ సంచిలోంచి చంటిది తల బయటికి పెట్టి, ఆ వింత పిట్టని చూసి కిలకిలా నవ్వింది.

ఊరి నీళ్ళు తాగే పెద్ద ఊరితోపాటు వరసలో నిలబడితేనే, ఎవరి గొంతు ఎండుతోందో అతనికి తెలుస్తుంది.