గవరయ్య సబ్బుగిన్నె

ఊఁ కొడతారా? కొడితేనే చెప్తాను. ఎప్పటి మాటో నన్నడక్కండి, మా తాతకే తెలీదు. సంతలోకి గడ్డం సబ్బు కొత్తగా వచ్చిన రోజులని మాత్రం అనేవాడు.

ఆ రోజుల్లో ఏటి ఒడ్డున ఒక ఊరు. ఆ ఊళ్ళో గవరయ్య అని ఒక మంగలి. చంకలో పొది, పొదిలో కత్తి, సానరాయి, చిన్న ఇత్తడి గిన్నె. ఎవరు పిలిచినా తల వంచుకుని వెళ్ళేవాడు, తల వంచుకుని వచ్చేవాడు. ఎంత అణకువో అనుకునేవారు జనం. పాపం, అతనికి సిగ్గు.

ఎందుకు సిగ్గో చెప్తాను. ఆ ఊరి పంతులుగారికి సూరమ్మ అని ఒక చెల్లెలు. చిన్నప్పుడే మొగుడు పోయాడు. మొగుడు పోతే ఆడపిల్లకి జుట్టు తీసెయ్యడం అప్పటి ఆచారం. ఆ పని గవరయ్య చేతిమీదే జరిగింది. వట్టి నీళ్ళు చల్లి గీశాడు. "వద్దు గవరయ్యా, నీకు దణ్ణం పెడతాను" అంది ఆ పిల్ల. గీశాడు. నెత్తురొచ్చింది. అయినా గీశాడు. ఆ పూట ఇంటికెళ్తే అతనికి ముద్ద దిగలేదు.

అంతటితో అయిపోలేదు. జుట్టు పెరిగినప్పుడల్లా కబురొచ్చేది. ఆమె వీపు తిప్పి కూర్చునేది. పని కాగానే ముసుగు లాక్కుని లోపలికి పోయేది. ఏళ్ళు గడిచినా గవరయ్య ఆ ఇంట్లో తలెత్తింది లేదు.

ఇలా ఉండగా పంతులుగారి కూతురు కామేశికి పెళ్ళయింది. పిల్ల ఇంకా కాపరానికే వెళ్ళలేదు, అల్లుడు జ్వరమొచ్చి పోయాడు. పంతులుగారు గవరయ్యని పిలిపించారు.

"గవరా, రేపు పొద్దున్నే పొది పట్టుకురా."

గవరయ్య చెయ్యనని చెబుదామనుకున్నాడు. చివరికి నోట్లోంచి వచ్చిన మాట వేరు.

"లేత తల బాబూ. నీళ్ళతో గీత్తే నెత్తురొత్తాది. సూరమ్మగోరికి ఆయాల..."

పంతులుగారు మొహం తిప్పుకున్నారు. ఆ నెత్తురు ఆయనా చూశారు.

"అయితే ఏం కావాలంటావ్?"

"సంతలో గట్టి సబ్బుబిళ్ళ అమ్ముతున్నారంట బాబూ. అది గిన్నిలో కూకోబెట్టి నురగ తీత్తే కత్తి మెత్తగా పోద్ది."

సబ్బుబిళ్ళ తెప్పించారు. రాయిలా ఉంది.

మొదటిసారి గవరయ్య వచ్చేసరికి కామేశి జడ విప్పుకుని పెరట్లో పీట మీద కూర్చుంది. అతను గిన్నె చూపించాడు. బిళ్ళ గిన్నెకంటే పెద్దది, పైన మూతలా నిలబడింది.

"సబ్బింకా గిన్నిలో కూకోలేదు బాబూ."

"అయితే చెక్కు!"

పిల్ల లేచి జడ అల్లుకుంది.

రెండోసారి వచ్చాడు. పిల్ల మళ్ళీ జడ విప్పుకుంది. చెక్కి చెక్కి బిళ్ళని మరీ చిన్నది చేశాడు. గిన్నె ఊపితే లొడలొడలాడింది.

"సబ్బింకా గిన్నిలో కూకోలేదు బాబూ."

"అయితే తురుము!"

పిల్ల లేచి జడ అల్లుకుంది.

మూడోసారి వచ్చాడు. తురిమి, నీళ్ళు ఎక్కువ పోసి తెచ్చాడు. గిన్నె వంచితే గంజిలా జారింది.

"సబ్బింకా గిన్నిలో కూకోలేదు బాబూ."

"అయితే ఎండబెట్టు!"

పిల్ల లేచి జడ అల్లుకుంది. గవరయ్య ఇంటికెళ్ళి తన్ను తానే తిట్టుకున్నాడు. ముసలితనం వచ్చింది, వద్దని చెప్పే దమ్ము మాత్రం రాలేదు, ఇన్ని అబద్ధాలాడుతున్నాను కదా అని కుమిలిపోయాడు.

బంధువులు పంతులుగారిని దెప్పడం మొదలుపెట్టారు. ఆయన ఉక్రోషంతో గవరయ్యని రప్పించి, గిన్నె లాక్కుని బొటనవేలితో నొక్కి చూశారు. తురుము ఆరి గిన్నెకి గట్టిగా పట్టేసింది. వేలు దిగలేదు.

"కూర్చుంది కదరా! ఇంక కానీయ్!"

గవరయ్య కత్తి తీశాడు. కామేశి ఏడవలేదు, బతిమాలలేదు. కళ్ళు మాత్రం గట్టిగా మూసుకుంది. గవరయ్య ఆ ఇంట్లో మొట్టమొదటిసారి తలెత్తాడు. తలుపు దగ్గర సూరమ్మ నిలబడి అతన్నే చూస్తోంది. అతను కత్తి మడిచి పొదిలో పెట్టేశాడు.

"సబ్బు కూకుంది బాబూ. నాను సెయ్యను" అన్నాడు.

ఊళ్ళో ఎవరూ పనికి పిలవకుండా చేశారు పంతులుగారు. గవరయ్య ఏరు దాటి అవతలి ఒడ్డున పాక వేసుకున్నాడు. పంతులుగారు పొరుగూరి మంగలిని పిలిపించారు. గవరయ్య సంగతి అప్పటికే విన్న అతను తన గిన్నెలోకి తొంగిచూసి, "సబ్బింకా గిన్నిలో కూకోలేదు బాబూ" అని వెళ్ళిపోయాడు. ఇంకో ఊరి మంగలీ అదే మాట. మూడో ఊరి మంగలైతే గిన్నె చూడకుండానే అనేశాడు. పంతులుగారు విసిగి ఊరుకున్నారు. కామేశి జుట్టు కామేశికి దక్కింది.

చాలాకాలానికి గవరయ్య మంచం పట్టాడు. ఒకరోజు పాక ముందు పడవ ఆగింది. దిగింది సూరమ్మ. అప్పట్నుంచి మంగళ్ళెవరూ ఆ ఇంటి గడప తొక్కకపోవడంతో ఆమెకీ జుట్టు పెరిగింది, నెరిసిన జుట్టు. ముసుగు లేదు. మంచం పక్కన కూర్చుంది.

"నా జుట్టు తీసిన ఆ రోజు కూడా నీ సబ్బు కూర్చోకపోతే బాగుండేది గవరయ్యా" అంది.

గవరయ్య మొహం గోడవైపు తిప్పుకుని ఏడ్చాడు. "తప్పయిపోనాది తల్లీ" అన్నాడు. ఆమె పోనీలే అనలేదు. కాసిన్ని నీళ్ళు తాగించి, పొద్దువాలే దాకా కూర్చుని వెళ్ళింది. ఆ వారంలోనే గవరయ్య పోయాడు.

ఇప్పటికీ ఆ ఏటి ఒడ్డు మంగళ్ళు గిన్నెలో కొత్త సబ్బు నొక్కిన రోజున కత్తి ముట్టరు. పెళ్ళికొడుకు వచ్చి కూర్చున్నా సరే, రేపు రమ్మంటారు. అదేంటయ్యా అంటే, "ఇయాల సూరమ్మగోరి రోజు. గవరయ్య ఆయమ్మకి గడువుగా ఇవ్వలేకపోయిన రోజు" అంటారు.