పైడితల్లి ముట్టుకున్న గిన్నెల మిషను

అనగనగా ఒక ఊరు. విజయనగరం అనుకో. ఆ ఊళ్ళో ఒక మూడంతస్తుల మేడ. పై వాటాలో వసుంధర అనే ఇల్లాలు ఉండేది. ఆవిడ ఇంట్లో పదకొండేళ్ళుగా అంట్లు తోమేది పైడితల్లి. కింద రెండు వాటాల్లోనూ ఆమే తోమేది. ఆ మూడిళ్ళ పనే ఆమెకీ, చదువుకుంటున్న కూతురికీ ఆధారం.

అప్పుడు వసుంధర ఇంటికి గిన్నెలు కడిగే మిషను వచ్చింది. "ఇక నువ్వు ఇల్లు ఊడ్చి తుడిస్తే చాలు. మిషను మాత్రం ముట్టుకోకు, ఖరీదైంది" అని చెప్పింది వసుంధర. పైడితల్లి సరేనంది. పాపం, అంతకన్నా ఏమంటుంది?

మొదటి నెలలో ఒకరోజు మిషను గడగడలాడింది. కంపెనీకి ఫోను చేసి అడిగితే, మిషను కింద కాళ్ళు ఎగుడుదిగుడుగా ఉన్నాయేమో చూడమన్నారు. చూస్తే నిజమే. వసుంధర మిషను కాలి మర తిప్పి సరిచేసింది. చప్పుడు పోయింది.

ఆ తర్వాత రెండో నెలలో టకటకమంది. పప్పుగరిటె ఒకటి అరలోంచి కిందికి జారి, లోపల గిరగిరా తిరుగుతూ నీళ్ళు చిమ్మే రెక్కకి తగులుతోంది. దాన్ని తీసి అడ్డంగా పడుకోబెట్టింది. ఆ చప్పుడూ పోయింది. పోయింది కానీ, వసుంధర మనసులో ఒక పురుగు దూరింది. గరిటె తనంతట తనే జారుతుందా అని.

మూడో నెలలో ఒక మధ్యాహ్నం వంటింట్లోకి వచ్చి చూసేసరికి, పైడితల్లి మిషను ముందు గొంతుక్కూర్చుని ఉంది. మోచేతి దాకా చెయ్యి లోపల పెట్టి ఉంది.

ఏం చేస్తున్నావని అడగొచ్చు కదా? అడగలేదు. "నీ పనికి ఎసరు పెట్టిందని మిషను పాడుచేస్తున్నావా? రేపటి నుంచి రాకు" అంది. పైడితల్లి నోరు తెరవబోయి మళ్ళీ మూసుకుంది. ముట్టుకోవద్దన్నది ముట్టుకుంది మరి. దొంగకి తేలు కుట్టినట్టు ఎలా నిలబడిందో చూడు, అనుకుంది వసుంధర.

అంతటితో ఊరుకుందా? మెట్లు దిగి మధ్య వాటాలో చెప్పింది. ఆ తర్వాత అట్టడుగు వాటాలో చెప్పింది. పైన "మిషను పాడుచేసింది" అన్న మాట కిందికి చేరేసరికి "చేతివాటం ఉంది" అయి కూర్చుంది. ఒక్క పూటలో మూడిళ్ళూ పోయాయి.

అప్పుడు, పదిహేను రోజులకి, మిషను మూడోసారి అరిచింది. ఈసారి పళ్ళు నూరుతున్నట్టు కరకరమని. వసుంధర మిషను కాళ్ళు చూసింది, సమంగానే ఉన్నాయి. గరిటెలు చూసింది, పడుకునే ఉన్నాయి. ఇక లాభం లేదని రిపేరు చేసే అతన్ని పిలిచింది. అతను మిషను అడుగున ఉన్న జల్లెడని పైకి లాగాడు. మునక్కాడల పిప్పి, కరివేపాకు ఈనెలు, మెతుకులు, అన్నీ కుళ్ళి గబ్బు కొట్టాయి. దాని కింద, పంపులో ఒక చింతగింజ ఇరుక్కుని ఉంది.

"రోజూ ఈ జల్లెడ ఎవరు కడుగుతారమ్మా?" అని అడిగాడు.

"ఎవరూ కడగరు బాబూ. కడగాలని నాకు తెలీదు."

"కడక్కపోతే రెండు వారాలకే ఇలా మొరాయిస్తుందమ్మా. మూడు నెలలు నడిచిందంటే ఎవరో కడుగుతూనే ఉన్నారు."

అప్పుడు అర్థమైంది వసుంధరకి. ఎంగిలి మురిగిపోతుంటే పైడితల్లి చెయ్యి ఊరుకోలేదు. చెబితే తిడతారని చెప్పకుండా, రోజూ కడిగి పెట్టింది.

ఆ సాయంత్రమే వెతుక్కుంటూ ఆమె ఇంటికి వెళ్ళింది. "తప్పు నాదే పైడితల్లీ. రేపు పనిలోకి రా" అంది.

పైడితల్లి కోప్పడలేదు. "మీ ఒక్కింటికొస్తే మాకు కడుపు నిండదమ్మగోరూ. మా పాపని ఇస్కూల్లో దొంగదాని కూతురంటన్నారు. నా మాటెవులూ ఇనరు. నాకాడ కాదు, ఆ రెండు గుమ్మాల కాడ సెప్పండి" అంది.

అలాగే అని వచ్చింది వసుంధర. మొదటి రోజు కింద చుట్టాలున్నారని చెప్పలేదు. రెండో రోజు తలనొప్పని చెప్పలేదు. మూడో రోజు గుమ్మం దాకా వెళ్ళి, తలుపు తట్టకుండా తిరిగొచ్చింది. నింద వెయ్యడానికి లేని సిగ్గు, తియ్యడానికి అడ్డొచ్చింది. నాకు ఇక్కడే ఒళ్ళు మండుతుంది.

నాలుగో రోజు గుండె దిటవు చేసుకుని చెప్పింది. రెండు వాటాల వాళ్ళూ "అయ్యో, అలాగా, అయితే రమ్మనండి" అన్నారు. అంతే, అంత తేలిక. అప్పుడు పరుగున పైడితల్లి ఇంటికి వెళితే తాళం వేసి ఉంది. కూతురి చదువు మాన్పించి, ఇద్దరూ ఇటుకబట్టీల పనికి నిన్న సాయంత్రమే లారీ ఎక్కారని పక్కింటామె చెప్పింది. ఏ ఊరో ఆమెకీ తెలీదు. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం?

మళ్ళీ వచ్చిందా అంటావా? రాలేదు తల్లీ. వచ్చిందంటే నీకు హాయిగా నిద్రపడుతుందని నాకు తెలుసు. కానీ రాలేదు.

కథేమో వెళ్ళింది కంచికి,
మనమేమో వచ్చాం ఇంటికి,
పైడితల్లి పోయిన దారి
తెలియనే లేదు ఎవ్వరికి.