జయానందం ముందే అల్లేసిన గూడు

కొండమోడు అడవిలో కుందేళ్ళు, కోతులు, కణుజు జింకలు, నెమళ్ళు ఉండేవి. వాగు పక్కన మాత్రం అంతా గిజిగాళ్ళ రాజ్యమే. తొలకరికి ముందు వాటి సందడి వినాలి పిల్లలూ, చెవులు మూసుకోవాల్సిందే!

గిజిగాళ్ళకు ఒక పద్ధతి ఉంది. మగపిట్ట గూడు సగమే అల్లి ఆగుతుంది. ఆడపిట్ట వచ్చి, గడ్డి లాగి చూసి, కొమ్మ ఊపి చూసి, సరే అంటేనే మిగతా సగం అల్లుతుంది. వద్దంటే మరోచోట మళ్ళీ మొదలు. ఆ ఆగిన రోజుల్లో ప్రభువు చిత్తమేమిటో అడుగుతూ ఉండమని పెద్దపిట్టలు చెప్పేవి.

జయానందం అనే గిజిగాడికి ఈ ఆగడమే నచ్చలేదు. పనిమంతుడే, కాదనను. కానీ తనకు తెలియనిది లేదనుకునే రకం. రెండేళ్ళు ఒంటరిగా గడిపాడు పాపం, ఈ ఏడైనా ఓ ఇంటివాణ్ణి కావాలని అతని కోరిక. అందుకని మద్దిచెట్టుకు బాగా లావుపాటి కొమ్మ చూసుకుని, గూడు మొత్తం అల్లేశాడు. లోపలికి దూరే గొట్టం కూడా పెట్టేశాడు. ఆ తర్వాత తీరిగ్గా ప్రార్థనకు కూర్చున్నాడు.

గూడు సిద్ధంగా ఉంది గనుక ఇక్కడికే మంచి తోడును పంపమనీ, గాలిని ఇటు రానివ్వద్దనీ, కోతుల్ని అవతలి కొండకు తోలేయమనీ దేవుణ్ణి అడిగాడు. రోజూ ఇదే వరస. అన్నీ తనే చెప్పేవాడు.

ఒక ఉదయం సుగుణ అనే ఆడపిట్ట వచ్చింది. గూడు చూసి ముచ్చటపడింది. కానీ ఇంత లావు కొమ్మ మీద కోతులు నడిచి వచ్చేస్తాయనీ, వాగు మీదికి వంగిన తుమ్మకొమ్మ చివర అల్లితే తను వస్తాననీ చెప్పింది.

జయానందం కళ్ళు కూడా తెరవలేదు. "ప్రార్థనలో ఉన్నాను, తర్వాత రా" అన్నాడు.

దేనికోసమయ్యా ప్రార్థన? తోడు కోసం! ఏం చెప్పమంటారు?

సుగుణ కాసేపు ఆగి వెళ్ళిపోయింది. గట్టు మీద ఈతచెట్టుకు కృపయ్య అనే గిజిగాడు సగం గూడు అల్లి ఆగి ఉన్నాడు. ఈ చోటు కూడా కోతులకు అందుతుందని, తుమ్మకొమ్మకు మారమని అతనికీ చెప్పింది. కృపయ్యకు మనసు చివుక్కుమంది. పది రోజుల కష్టం మరి. పైగా ఆ తుమ్మకొమ్మ వేలెడు లావు కూడా లేదు.

"ప్రభువా, నాకైతే ఇష్టంగా లేదు. కానీ ఇది నువ్వు చెప్పిస్తున్న మాటేమో. వింటాను" అనుకున్నాడు. ఈతచెట్టు గూడు వదిలేసి, తుమ్మచెట్టు మీద మొదటి పోచ నుంచి మళ్ళీ మొదలుపెట్టాడు. సగం అయ్యాక సుగుణ చూసి సరేనంది.

వానలు మొదలయ్యాయి. ఒక మధ్యాహ్నం కోతులు మద్దికొమ్మ మీద దర్జాగా నడిచొచ్చి, జయానందం గూడును పీకి పారేశాయి. తర్వాత తుమ్మచెట్టు మీదికి వచ్చాయి. కాలు పెట్టగానే కొమ్మ వాగులోకి వంగింది. భయపడి వెనక్కి పోయాయి. గూట్లో సుగుణ పెట్టిన మూడు గుడ్లూ భద్రంగా ఉన్నాయి.

జయానందం తడిసి ముద్దయి కృపయ్య దగ్గరికి వచ్చాడు. అతనికి ఏడుపు ఆగలేదు.

"నెలరోజులు అడిగాను కృపయ్యా. దేవుడు ఒక్కమాటా పలకలేదు."

కృపయ్యకు జాలేసింది. ఎలా చెప్పాలో తోచలేదు. చెప్పకుండా ఉండటమూ సరి కాదనిపించింది.

"పలికాడు జయానందం. సుగుణ ముందు నీ దగ్గరికే వచ్చింది."

ఆ ఉదయం సుగుణను కళ్ళు కూడా తెరవకుండానే పంపేసిన సంగతి జయానందానికి అప్పుడు గుర్తొచ్చింది. ఆ ఏడు కూడా వానాకాలమంతా ఒంటరిగానే గడిపాడు.

నీతి: అన్నీ మనమే నిర్ణయించుకుని దేవుణ్ణి ఒప్పుకోమనడం ప్రార్థన కాదు, ఆయన ఎవరిచేత ఏం చెప్పించినా వినడానికి మనసులో చోటుంచుకోవాలి.