మంచు అంటని తొట్టి

గౌరీశ్వరి తెచ్చిన కాగితాల మీద దస్తగిరి ఉస్తాద్ సంతకం పెట్టలేదు. ఆమె మనసు చిన్నబుచ్చుకుంది.

కొండ మీద ఐదు గూడేల వాళ్లు ఏడేళ్లు రాళ్లు మోసి, వాగుకి అడ్డుకట్ట కట్టి, చిన్న జనరేటరు పెట్టుకున్నారు. ఆ కరెంటు అమ్మి పిల్లలకి బడి నడుపుకోవాలని వాళ్ల ఆశ. అయితే చిన్న జనరేటరు కరెంటు నేరుగా పెద్ద లైనులోకి ఎక్కదు కదా. దాని బలం పెంచి లైనుకి అందించే ట్రాన్స్‌ఫార్మర్ మధ్యలో ఉండాలి. అది ఎంచే పని గౌరీశ్వరికి అప్పగించారు. చదువు ముగించాక ఆమెకిదే మొదటి పని.

రెండు రకాలు తేలాయి. వాగు నిండుగా పారేటప్పుడు మొదటిది కరెంటుని దాదాపు వృథా పోనివ్వదు. రెండోది కాస్త పోగొడుతుంది. ఇందులో ఆలోచించడానికేముందని ఆమె నలభై పేజీల్లో మొదటిదాన్నే మెచ్చుకుంది.

ఆ కొండల్లో లైన్లు వేసిన వాళ్లంతా ఉస్తాద్ దగ్గర పని నేర్చినవాళ్లే. ఆయన సంతకం లేనిదే గూడేల వాళ్లు ఏదీ కొనరు. ఆయన ఓపికగా పేజీలన్నీ తిప్పి, లెక్కలో తప్పు లేదన్నాడు. తెల్లారగానే పక్కలోయకి రమ్మన్నాడు. మాఘమాసం చలిలో ఈ వయసులో మీకెందుకని ఆమె అంటే, చలి ఉంటేనే ఈ పాఠం చెప్పడం కుదురుతుందని నవ్వాడు.

పక్కలోయలోనూ అలాంటి కేంద్రమే, పాతది, ఉంది. వాగు ఇసుకలో సన్నని చారగా మిగిలింది. జనరేటరు గదికి తాళం వేసి ఉంది.

ఉస్తాద్ భుజం మీది తువ్వాలు తీసి ఇచ్చాడు. "ఆ గేటు తుడు తల్లీ."

తుడిస్తే మంచుకి తువ్వాలు తడిసింది. జనరేటరు గది ఇనుప తలుపూ తుడవమన్నాడు. అదీ తడే. తుడవమనడానికి ఇంట్లో అమ్మ చాలక మీరు కూడానా అని గొణుగుతూ ఆమె తువ్వాలు పిండింది.

"ఇక ట్రాన్స్‌ఫార్మర్. పైన తీగెల జోలికి పోకు, కింది నూనె తొట్టి మాత్రమే."

తువ్వాలు పొడి కొసతో తుడిచింది. కొస పొడిగానే ఉండిపోయింది. ఆశ్చర్యపోయి అరచెయ్యి ఆనించింది. తొట్టి వెచ్చగా ఉంది.

"జనరేటరు ఆగిపోయిందిగా ఉస్తాద్?"

"రెండు నెలలైంది."

"మరి దీనికి కరెంటెక్కడిది?"

ఆయన తలెత్తి పెద్ద లైను చూపించాడు. "వాగు పడుకుంది. ఇది పడుకోదు."

"ఆపేయకూడదా?"

"గూడెం దీపాలు దీని మీదే వెలుగుతాయి."

గౌరీశ్వరి వేళ్ల మీద నెలలు లెక్కేసింది. వాగు నిండుగా పారేది నాలుగు నెలలే. తక్కిన ఎనిమిది నెలలూ తను మెచ్చిన మొదటిదీ ఇలాగే లైను నుంచి తెచ్చుకుని తింటూ కూచుంటుంది. గూడేల వాళ్లు వానల్లో సంపాదించింది ఎండల్లో కరిగిపోతుంది. ఊరికే ఉన్నప్పుడు రెండోది తినేది బహు తక్కువని ఆ కాగితాల్లోనే ఉంది. ఆమె చదివింది కూడా. చదివి దాటేసింది.

అక్కడే రాయి మీద కూచుని మొదటిదాన్ని కొట్టేసి రెండోది రాసింది. ఉస్తాద్ మోకాలి మీద పెట్టుకుని సంతకం చేశాడు. అయినా ఆమె కళ్లలో నీళ్లాగలేదు. ఇంత తెలివితక్కువదాన్ని ఈ పనికెందుకు పంపారంది. ఆ దుఃఖంలోనే కోపమూ వచ్చింది.

"అసలు దీన్ని ఇక్కడ పెట్టిందెవరు ఉస్తాద్?"

ఆయన ఆ తొట్టి మీద మెల్లగా చెయ్యి వేశాడు.

"నేనే తల్లీ. అప్పుడు నాకూ వాగు నిండుగానే కనిపించింది."