తిప్పి పంపిన చీటీలు

నాగభూషణం మాస్టారిని ఏదైనా అడిగితే వెంటనే జవాబు చెప్పరు. కళ్లద్దాలు తీసి, కండువా అంచుతో తుడిచి, మళ్లీ పెట్టుకుంటారు. ఆ తుడుపు ఎంతసేపు సాగితే శిష్యులకు అంత గుండెదడ. ఆ వేళ చాలాసేపే తుడిచారు.

తన పని చూసి ఎలా ఉందో చెప్పమని అడిగింది శిష్యురాలు మంజుల. రెండేళ్లు తిండీ నిద్రా మానుకుని ఒక రహస్యలిపి పద్ధతి తయారుచేసింది. అందులో తాళం లోకమంతటికీ పంచిపెడతారు, ఎవరైనా వేయొచ్చు. తీసే చెవి మాత్రం ఒక్కచోటే ఉంటుంది. ఇళ్లల్లో దెబ్బలు తినే ఆడవాళ్లు ఆశ్రయం కోసం ఫోనులోంచి రాసుకునే ఉత్తరాలకు అది కాపలా. మాస్టారు అంతా చదివి ఒకచోట వేలు పెట్టి ఆగిపోయారు. తప్పుడు ఉత్తరం వస్తే, దాన్ని అందుకునే యంత్రం "చెల్లదు" అని తిప్పికొడుతుంది. పైపైన తప్పుంటే చప్పున, లోపలెక్కడో తప్పుంటే కాస్త ఆగి.

"చెల్లదంటే మన సొమ్మేం పోతుంది మాస్టారూ? తాళంచెవి మన దగ్గరే ఉంది. గుట్టు ఒక్క ముక్కయినా బయటపెట్టడం లేదు కదా!" అంది మంజుల. గొంతులో కాస్త ఉక్రోషం కూడా ఉంది. రెండేళ్ల కష్టం, ఉండదూ మరి?

మాస్టారు లెక్కల్లోకి దిగలేదు. తన తల్లి సంగతి ఎత్తుకున్నారు.

ఆవిడ పేరు భద్రమ్మ. నేతపని ఇల్లు. నూలు సమ్మెలో ముందు నిలిచాడని ఆవిడ తమ్ముడు మార్కండేయులు మీద పోలీసులు పగబట్టారు. దొరికితే ప్రాణాలతో వదలరని ఊరంతా అనుకునేది. అతను ఎక్కడ దాక్కున్నాడో భద్రమ్మ ఒక్కదానికే తెలుసు. దారినపోయేవాళ్ల చేత అప్పుడప్పుడూ చీటీ పంపేవాడు, నూలుపోగుతో చుట్టి. నీలం పోగు, మూడు చుట్లు, ముడి లోపలివైపు. ఆ గుర్తు అక్కాతమ్ముళ్లకే ఎరుక.

పోలీసు జమేదారు తిట్టాడు, కొట్టాడు. ఆవిడ పెదవి విప్పలేదు. చీటీలకు పోగు కడతారని మాత్రం అతను పసిగట్టాడు. రోజుకో మనిషి చేత దొంగచీటీలు పంపడం మొదలుపెట్టాడు. తెల్లపోగు కట్టి పంపితే, చూడగానే "నాది కాదు నాయనా, తీసుకుపో" అంది. ఎర్రపోగుకీ అంతే. నీలం పోగు వచ్చిన రోజు వేళ్లతో ఒకసారి తడిమి, అప్పుడు ఇచ్చేసింది. తెచ్చినవాడు వెళ్లి ఆ ముక్కే చెప్పాడు. మర్నాడు నీలం పోగుకే రెండు చుట్లు, ఆ తరవాత మూడు. ప్రతి దొంగచీటీనీ పోల్చేస్తున్నానని ఆ పిచ్చితల్లి లోలోపల మురిసిపోయేదట!

తొమ్మిదో చీటీకి ముడి కూడా లోపలివైపే ఉంది. అది ఉంచుకుంది. "జ్వరంగా ఉందక్కా, ఒకసారి వచ్చి పో" అని ఉంది అందులో. గబగబా జావ కాచి, గిన్నె కొంగుకింద పెట్టుకుని తమ్ముడి దగ్గరికి వెళ్లింది. వెనకాలే వాళ్లూ వెళ్లారు. ఆవిడ చేతిలో జావ చల్లారకముందే, కళ్లెదుటే తమ్ముణ్ణి కాల్చేశారు.

"తరవాత?" అంది మంజుల.

తరవాత నలభై ఏళ్లు బతికింది భద్రమ్మ. ఏ ఉత్తరం వచ్చినా ఒకేలా అందుకునేది. శుభలేఖ కానీ, చావు కబురు కానీ, పక్కింటివాళ్లది పొరపాటున వచ్చింది కానీ, ఆగకుండా, మొహంలో ఏ మార్పూ లేకుండా పుచ్చుకుని లోపల పెట్టేది. ఉద్యోగం వచ్చిందని కన్నకొడుకు రాసిన ఉత్తరానికీ అదే మొహం. "ఒక్క మాట చెప్పలేదురా నేను" అని మాత్రం పోయేదాకా అంటూనే ఉంది.

"నిజమే కదా మాస్టారూ, ఆవిడ ఏమీ చెప్పలేదు కదా!" అంది మంజుల కళ్లు ఒత్తుకుంటూ.

మాస్టారు కళ్లద్దాలు తీశారు. ఈసారి తుడవలేదు.

"చెప్పలేదమ్మా. ఆవిడ చదివింది ఒక్క చీటీయే. తిప్పి పంపిన ఎనిమిదీ వాళ్లు చదువుకున్నారు."