మంగతాయి అడగనిదే వదలదు

కొండ కింద చింతతోపులో ఎలుగుబంటి డాక్టరు గారి ఆసుపత్రి. అక్కడ నర్సు మంగతాయి అనే మేక. మందు వేయాలన్నా, మంచం మార్చాలన్నా ముందు "నీ పేరేంటి? నీ జబ్బేంటి?" అని అడగందే రోగిని ముట్టుకోదు.

"పొద్దుట్నించి ఇది ఐదోసారి సిస్టరమ్మా! పేరు బుల్లబ్బాయి, జబ్బు కడుపునొప్పి. నీకేమన్నా మతిమరుపా?" అని విసుక్కుంది కుందేలు. నిన్న ఏదో పిచ్చికాయ తిని పడిపోతే కోతులు డోలీలో మోసుకొచ్చాయి దాన్ని.

"విసుక్కో నాయనా. ఆ మాత్రం ఓపిక వచ్చింది, నాకదే చాలు," అంటూ మందు తాగించి, మెడదాకా దుప్పటి కప్పింది మంగతాయి. మందు మత్తుకి కుందేలు నిద్రపోయింది.

డాక్టరు గారు ఏటి అవతల కాన్పు చూడటానికి వెళ్లారు. అదే అదనుగా నక్క వీర్రాజు రొప్పుకుంటూ వచ్చింది.

"మంగతాయమ్మా! బుల్లబ్బాయిని అర్జంటుగా ఏటి దగ్గరికి తెమ్మన్నారు డాక్టరు గారు. ఆలస్యమైతే బతకడంట!"

మంగతాయి గుమ్మంలోకి వచ్చి ఆగింది. కబురు నిజమై, తను పంపకపోతే? బిడ్డ పోతాడు. అబద్ధమై, తను పంపితే? అప్పుడూ పోతాడు. డాక్టరు గారి మాట ఏనాడూ కాదన్నది కాదు. అయినా నోటికి అలవాటైన ప్రశ్నే వచ్చింది.

"వాడి జబ్బేంటి?"

"నువ్వు నర్సువా, పోలీసువా? డాక్టరు గారికే అడ్డు చెప్తావా? వాడి ప్రాణం పోతే నీదే పాపం!"

"చెప్పి తీసుకెళ్లు వీర్రాజూ."

నిన్న నక్క పొదలోంచి డోలీని చూసింది. నడవలేకే ఎక్కించారని దాని లెక్క.

"కాలు విరిగింది. కట్టు మార్చాలంట!"

మంగతాయి కొమ్ములు వంచి గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "వాడి నాలుగు కాళ్లూ బాగానే ఉన్నాయి. ఇంకో అడుగు వేశావంటే నీ కాళ్లకి నాది పూచీ కాదు."

నక్క అడుగు వేయనే వేసింది. మంగతాయి ఒక్క కుమ్ము కుమ్మేసరికి ముళ్లకంచెలో పడి, కుంటుకుంటూ పారిపోయింది.

సాయంత్రం డాక్టరు గారు వచ్చి, "నేనెవర్నీ పంపలేదే!" అన్నారు. అప్పుడు గానీ మంగతాయి కూలబడి ఏడవలేదు. కుందేలు మంచం దిగి వచ్చి, దాని పక్కనే ఒదిగి కూర్చుంది.

రోగి విసుక్కున్నా, ఎవరు తొందరపెట్టినా, అడగాల్సింది అడిగి తీరే నర్సే ఆ ప్రాణానికి కాపలా.